ఇత్తడి పంపు, ఊదా అంచు చిక్కుడు

మేముండే ఈ హిందీ ఊళ్ళో, గుఢియారీ పేటలో రైలు కట్ట పక్క సందులో ఉన్న పురుగుమందుల కొట్టు మెట్టెక్కగానే ఆ వాసన ముక్కును పట్టుకుంటుంది: ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్కు, రబ్బరు గొట్టాలు, మూత సరిగ్గా బిగించని ఏదో డబ్బాలోంచి వచ్చే ఘాటు. నెల కిందట మా డాబా మీది చిక్కుడు తీగకు పేనుబంక పట్టిందని పిచికారీ పంపు కొనడానికి వెళ్ళాను. కొట్టతను బ్యాటరీది చూపించాడు, వీపుకు తగిలించుకునేది చూపించాడు, చేత్తో నొక్కే చిన్న సీసా చూపించాడు. ఏది చేతికిచ్చినా ఇది కొత్తదేనా, ఎవరూ వాడలేదు కదా అని అడిగి అడిగి అతని ప్రాణం తీశాను. "దీదీ, మీ ఎదురుగానే కదా డబ్బా విప్పాను" అని హిందీలో విసుక్కున్నాడు. నా భయం అతనికేం తెలుసు!

మా నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి పెళ్ళయి వచ్చేటప్పుడు అమ్మ పసుపు డబ్బాలో దాచి తెచ్చుకున్నవి వాళ్ళమ్మ పెరటి చిక్కుడు గింజలు. క్వార్టరు వెనక జానెడు పెరట్లో పాత రైలు స్లీపరు చెక్కలు పాతి, తీగలు లాగి నాన్న పందిరి వేశాడు. వెడల్పాటి కాయ, అంచు పొడుగునా ఊదారంగు గీత, ఈనె తీస్తుంటే వేళ్ళకంటుకునే పచ్చి వాసన. చలికాలం ఉదయాలు పక్కవాళ్ళ సిగ్డీ, అంటే బొగ్గుల కుంపటి, పొగ, మంచు కలిసి మా కాలనీ మీద దుప్పటి కప్పేవి. ఆ మసకలో స్వెట్టరు మీద కొంగు చుట్టుకుని అమ్మ కాయలు కోసేది, ఆవపెట్టి, కాస్త బెల్లం తగిలించి వండేది. ఆ కూర ఉన్న రోజు నేను బడికి డబ్బా మూత బిగిసిందో లేదో రెండుసార్లు చూసుకుని వెళ్ళేదాన్ని.

రథసప్తమి వచ్చిందంటే మా పెరడే తెలుగువాళ్ళ సంత. పట్టాల పక్కన జిల్లేడు ఆకులు ఎవరికైనా దొరుకుతాయి, రేగుపళ్ళు బజారులో దొరుకుతాయి, చిక్కుడాకులు మాత్రం మా ఇంట్లోనే. తెల్లారకుండానే పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. చిక్కుడు కాయలకు చీపురు పుల్లలు గుచ్చి రథం చేసి, పిడకల మీద పొంగించిన పరమాన్నం ఆకుల్లో పెట్టి సూర్యుడికి చూపించేవాళ్ళం. ఆకు పసరు తగిలిన ఆ వేడి పరమాన్నానికి ఇంకేదీ సాటిరాదు, నేను ఒట్టేసి చెబుతాను.

నేను ఐదో తరగతి చదివే ఏడు వానాకాలంలో గింజల డబ్బాకు పురుగు పట్టింది. మిగిలిన గుప్పెడు గింజలూ అమ్మ నాటేసింది. అమ్మమ్మ అప్పటికే పోయింది, ఆ పెరట్లో మామయ్యలు సరుగుడు వేశారు. ఉత్తరాలు రాసి చూసింది, ఊళ్ళో ఎవరి దగ్గరా ఆ గింజ లేదన్నారు. ఇక ఈ పందిరి మీద కాయలు ముదిరి ఎండితేనే మళ్ళీ గింజ.

పూత మీద ఉండగా పేనుబంక పట్టింది. అమ్మ చల్లే బూడిద పందిరి పైదాకా అందలేదు. చేతి పంపు ఏదైనా చిన్నది తెమ్మంది, ప్లాస్టిక్కుదైనా ఫరవాలేదంది. ప్లాస్టిక్కు మాటెత్తితే మా నాన్నకు అవమానం! నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని గుఢియారీ అంతా తిరిగి, కొత్తవన్నీ వేలితో కొట్టి చూసి పెదవి విరిచి, ఒక పాత ఇనుప సామాన్ల కొట్లో ఇత్తడి పంపు పట్టాడు. గొట్టం ఊది చూశాడు, మరలు తిప్పి చూశాడు, నాజిలు వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపలి తోలు వాషరు చూసి మురిసిపోయాడు.

"ఇదేటండీ, ఇంత బరువు! నాను మొయ్యగల్నా?" అంది అమ్మ.

"నువ్వూరుకో. పక్కా మాల్. మన తరవాత గూడా ఉంటాది" అన్నాడు నాన్న.

చింతపండు పెట్టి తళతళా తోమాడు. తోలు మార్చకుండా ఆముదంలో నానబెట్టి మళ్ళీ బిగించాడు. వేపనూనె, కుంకుడు రసం కలిపి, రథసప్తమికి వారం ముందు పందిరంతా తడిసేలా కొట్టాడు. మేమందరం చప్పట్లు కొట్టాం.

రెండు రోజులకు చిగుళ్ళు మెలితిరగడం మొదలైంది. ఆకులు సన్నగా, ముడుచుకుపోయి, కాడలు వంకర్లు. పురుగు ముదిరిందన్నాడు నాన్న. మందు చిక్కగా కలిపి మళ్ళీ కొట్టాడు, పాపం, ఎంత శ్రద్ధగానో. రథసప్తమినాడు గిన్నెలతో వచ్చిన పిల్లలను అమ్మ వాకిట్లోంచే వెనక్కి పంపింది. చెంచాడు పరమాన్నం నిలిచే ఆకు ఒక్కటి లేదు.

పంపు అమ్మినవాడే ఇంకా గట్టి మందేదైనా చెబుతాడేమోనని నాన్న మళ్ళీ ఆ పాత సామాన్ల కొట్టుకే వెళ్ళాడు. నేనూ ఉన్నాను. పంపు ఊరి బయటి మందిర్ హసౌద్‌లో ఒక రైతుదని, ఏళ్ళ తరబడి వరిచేలో 'నీందా' మందు, అంటే కలుపును చంపే మందు, దాంతోనే కొట్టాడని కొట్టతను నింపాదిగా చెప్పాడు. వరిని వదిలి వెడల్పాకు మొక్కనల్లా చంపే మందది. తోలులోకి ఇంకిపోయి ఉంటుందన్నాడు.

"పహ్లే క్యోం నహీ బోలే?" ముందే ఎందుకు చెప్పలేదని అరిచాడు నాన్న.

"ఆప్ పూఛే నహీ."

నిజమే, అడగలేదు. యంత్రం గురించి అడగాల్సినవన్నీ అడిగాడు. దారి పొడుగునా సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. గుమ్మంలోనే అమ్మకు అంతా చెప్పేశాడు.

"కడిగేరు గదండీ" అంది అమ్మ. అంతే అంది.

తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎండాకాలం దాకా ఆ మోళ్ళకు నీళ్ళు పోస్తూనే ఉంది. ఒక్క కాయా గింజ పట్టలేదు. నాన్న పోయేదాకా మా ఇంట్లో ఎవరూ చిక్కుడు మాటెత్తలేదు. ఆ క్వార్టర్లు కూల్చేశారు, తెలుగు కుటుంబాలు తలో దిక్కూ పోయాయి, రథసప్తమికి ఇప్పుడు కాగితపు ప్లేట్లు తెచ్చుకుంటున్నాం.

డాబా మీది తీగ గింజలు పోయినేడు ఇక్కడి భన్‌పురిలో లారీ నడిపే ఒక శ్రీకాకుళం అతను తెచ్చిచ్చాడు. అమ్మకు చెప్పకుండా పెంచాను. అమ్మకు చెప్పకుండా పెంచాను. నిన్న తొలి కాయలు కోసి, ఆవపెట్టి, బెల్లం వేసి పెట్టాను. అమ్మ నెమ్మదిగా తింది. మళ్ళీ వడ్డించుకుని, కళ్ళు మూసుకుని తింది.

"మన చిక్కుడేనా అమ్మా?"

"బాగానే ఉందమ్మా" అంది. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది. "అదో కాదో సెప్పలేను. ఆ రుచి నాకు గురుతు లేదే."

నేనూ ఒక ముద్ద కలుపుకుని తిన్నాను. నాకూ తెలియలేదు.