తోడినన్నాళ్ళూ

“…అయితే నా పైపులే కారుతున్నాయంటారా? నాలుగు చోట్ల విప్పి చూపించాను కదమ్మా.”

“మరి ఈ నీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?”

నేల కింది గదిలో, మడమలు మునిగే నీళ్ళలో నిలబడి ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకరు ప్లంబరు. రెండో ఆమె ఆ గదిలో పుస్తకాలకు బైండింగు చేస్తుంది. ఆమె తండ్రి మెట్ల మీద కూర్చుని వింటున్నాడు. వీధి చివరి బట్టలమిల్లు మూతపడేదాకా నీటిపంపులు నడిపింది ఆయనే కాబట్టి అందరికీ పంపు మామయ్య. ఆయన వంగి, దోసిట నీళ్ళు పట్టి వాసన చూశాడు.

“పైపు నీళ్ళు కావులే అబ్బాయ్. క్లోరిన్ వాసన లేదు. ఇవి భూమిలోవి.”

“నీరు పల్లమెరుగు అన్నారు మామయ్యా. పైకెలా ఎక్కుతాయి?”

“ఎక్కట్లేదు. వాటి చోటికి అవి తిరిగొస్తున్నాయి.”

ప్లంబరు నవ్వి, పానాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

పంపు మామయ్య అప్పుడు కూతురికి విడమరచి చెప్పాడు. ఊరికి ఉత్తరాన మెరక. అక్కడ కురిసిన వాన కొంత కాలువల్లో పోతుంది, కొంత మట్టిలోకి ఇంకుతుంది. ఇంకినది గట్టి బంకమట్టి తగిలేదాకా దిగి, దాని మీది ఇసకపొరలో రేణువుల సందుల వెంట ఈ పల్లానికి నడిచొస్తుంది. అందుకు ఏళ్ళు పడుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు మిల్లు పంపులు తోడేసేవి. చుట్టుపక్కలంతా నీటిమట్టం గరాటులా కుంగిపోయింది. ఆ రోజుల్లో ఇక్కడ ఇళ్ళు కట్టినవాళ్ళు నేల పొడిగా ఉందని కింద గదులు తవ్వుకున్నారు. ఆ పొడితనం నేలది కాదు, పంపులది.

“మేం తోడినన్నాళ్ళూ లోపలే ఉన్నాయి. ఇప్పుడు తోడేవాడు లేడు.”

కాగితం రీములు, కత్తిరింపు మిషను, పని బల్ల అన్నీ ఆ గదిలోనే. ఆమె తిండి అక్కడి నుంచే రావాలి. పైన ఉన్నవి రెండే గదులు.

“నేను తోడతాలే,” అన్నాడాయన.

గది మూలలో గుంట తీసి చిన్న మోటారు దింపాడు. గొట్టం వీధి కాలువలోకి వేశాడు. నేల ఆరింది. మోటారు పక్కన స్టూలు వేసుకుని, డ్యూటీలో ఉన్నట్టు కూర్చునేవాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. భార్య బతికుండగా అంటుండేది: “ఈయనకి నీళ్ళు తోడటమే గానీ మనిషికి తోడుండటం చేతకాదు.”

మోటారు ఆపిన ప్రతిసారీ గోడ వెనక ఎవరో నిట్టూర్చినట్టు వినిపించేది. ఇసకలో నీళ్ళు మళ్ళీ సర్దుకునే చప్పుడని ఆయనే చెప్పాడు. ఒక మధ్యాహ్నం కూతురు మెట్లు దిగుతూ ఆగిపోయింది. మోటారు ఆగి ఉంది. ఆయన గోడవైపు తిరిగి, “వస్తున్నా, వస్తున్నానే,” అంటున్నాడు. అమ్మ పిలిచినప్పుడు ఆ విసుగుతోనే పలికేవాడు. ఆమె చప్పుడు కాకుండా పైకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు బల్ల మీద పెట్టిన పెన్సిలు దానంతటదే గోడవైపు దొర్లి కింద పడింది. ఆమె తీసి పెట్టింది. మళ్ళీ అటే దొర్లింది. పైన వీధి తలుపు కూడా అప్పటికే చట్రంలో బిగుసుకుంటోంది. ఆమె గదంతా చూసింది. స్టూలు వెనక బకెట్లో సగం దాకా సన్నటి తడి ఇసక ఉంది.

“ఇదెక్కడిది నాన్నా?”

“నీళ్ళతో వస్తోంది.”

“ఎప్పట్నించి?”

ఆయన బకెట్టును కాలితో వెనక్కి నెట్టాడు.

“మిల్లులో ఇసక వస్తే ఏం చేసేవాళ్ళు?”

“పంపు ఆపేసేవాళ్ళం. నేల కూడా లేచొస్తోందన్నమాట. పైనున్నదాని కింద డొల్లవుతుంది.”

“తెలిసే తోడుతున్నావా?”

“ఆపితే నీ గది పోతుంది.”

“గది కోసమేనా నాన్నా?”

ఆయన గోడవైపు చూసి, తల దించుకున్నాడు.

“ఆపితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?” అని ఆమే అడిగింది.

“పంపులు పెట్టకముందు ఎక్కడున్నాయో అక్కడిదాకా.”

“అదెక్కడ?”

“చూసినవాళ్ళెవరూ మిగల్లేదు.”

ఆయన లేచి స్విచ్చి ఆపాడు.

“ఈ గదికి నీళ్ళొదులుకో అమ్మా,” అన్నాడు. “రేపు మిషను పైకెక్కిద్దాం. మోటారు నేనే విప్పేస్తాను.”