రిలీవర్ రానిదే లేవని సత్యరాజు

2023 జూలై పదునాలుగు, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఎండ నలభై మూడు డిగ్రీలు, పైగా ఇసుకగాలి. గల్ఫ్ దేశంలో, బౌషర్‌లోని మా భవనం ముందు బెంచీ మీద చెమటలో తడిసిన వృద్ధుడొకరు నిటారుగా కూర్చొని ఉన్నారు. నన్ను చూడగానే ఆయన ముఖం వికసించింది.

"రండి సార్. బెంచీకి కుడికాలు ఊగుతాదండి. కింద పిల్లుంది, కరవదు. తీసుకున్నారా?"

"ఏమిటి తీసుకోవలసినది?"

"బెంచీ అండి. రెండు గంటల్నించీ రిలీవర్ కోసం చూస్తన్నాను."

"తీసుకున్నాను" అన్న తరువాత గాని ఆయన లేవలేదు. కాకినాడ సత్యరాజు గారి విశేషమంతా ఇదే. తన స్థానాన్ని మరొకరు పుచ్చుకొని, ఆ మాట నోటితో పలికితే తప్ప ఆయన ఎక్కడి నుండీ కదలరు.

ఆయన 1967లో నౌకాదళంలో చేరారు.

"యుద్ధానికి ముందు నాలుగేళ్లు ఏం చేసేవారు?" అని ఒకసారి అడిగాను.

"బూడిదరంగు మీద బూడిదరంగు పూసేవాణ్ణండి."

"యుద్ధంలో?"

"సముద్రాన్ని చూసేవాణ్ణండి."



ఒక శుక్రవారం తెలుగు ఆరాధనకు వచ్చేవారికి పాటల పుస్తకాలు పంచమని చర్చి పెద్దలు ఆయనను గుమ్మం వద్ద నిలబెట్టి, ఆ సంగతి మరచి ఇళ్లకు వెళ్లిపోయారు. తరువాతి ఆరాధన మలయాళీలది. రిలీవర్ రానందున సత్యరాజు గారు వారందరికీ తెలుగు పుస్తకాలే పంచిపెట్టారు. మర్యాదస్తులు కనుక వారు కాదనక పుచ్చుకొని, కొందరు తలక్రిందులుగా పట్టుకొని మరీ పాడారట.

ఆయన కుమార్తె మణికుమారి ఆసుపత్రిలో నర్సు. ఆమె పన్నెండు గంటల డ్యూటీకి వెళితే ఆ ఇంట్లో శబ్దం చేసేది ఏసీ ఒక్కటే. మా అబ్బాయి ఇంట్లో నా స్థితీ అంతే. అయినా ఆయన పగటిపూట తరచుగా కనబడేవారు కారు. ఎక్కడో ఏ కుర్చీయో ఆయనను పట్టుకొని ఉంటుందని నవ్వుకునేవాణ్ణి.

2025 ఫిబ్రవరి ఇరవై, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు మణికుమారి నా తలుపు తట్టింది.

"మాస్టారూ, ఐదింటికి నాన్న ఫ్లైటు. వీసా ఇవాళ్టితో ఆఖరు. ఆయనేమో మా ఆసుపత్రి వార్డులోంచి కదలట్లేదు."

మేము వెళ్లేసరికి, ఇబ్రా అనే ఊళ్లో సైటు మీద జారిపడి తొడ ఎముక విరిగిన ఆంజి అనే కూలీ పక్కన ఆయన కూర్చొని ఉన్నారు. మూడు గంటలకు ఆపరేషన్. బయట మనవాళ్లొకరు ఉంటే తప్ప లోపలికి పోనని ఆంజి పట్టుబట్టాడట. అతని బావమరిది ఇబ్రా నుండి వచ్చేసరికి చీకటి పడుతుంది.

"ఇది ఓడ కాదు నాన్నా."

"రిలీవర్ రాలేదమ్మా."

"నువ్వు పో తాతా," అన్నాడు ఆంజి. "నేనేడికి పోత, కాలే ఇరిగె." అంటూనే ఆయన చొక్కా చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆరేళ్లుగా ఇంతే," అని మణికుమారి నాతో మెల్లగా అంది. "ఎవరూ లేని పేషెంట్ల దగ్గర కూర్చుంటారు. ఎవరికీ చెప్పొద్దంటారు."

సత్యరాజు గారు నా వైపు తిరిగారు. "యుద్ధంలో నా రిలీవర్ పదకొండు గంటలు రాలేదు మాస్టారూ. తిట్టుకుంటా నించున్నాను. వాడు బాయిలర్ ఆవిరికి కాలిపోయి ఓడ కింది అంతస్తులో పడున్నాడంట. ఎవడి డ్యూటీలో వాడున్నాం. పక్కనొక్కడు లేకుండానే పోయాడు."

నాకు ఆసుపత్రి వాసన పడదు. అయినా కుర్చీ లాక్కున్నాను.

"రెండింటికి వాళ్లావిడ యాదవ్వ ఫోన్ చేస్తాది. కాలివేళ్లు కదుల్తున్నాయని చెప్పండి. భయమేస్తే వీడు వాళ్ల గేదె కబుర్లు చెప్తాడు, వినాలి. చెయ్యి మాత్రం వదలకండి. తీసుకున్నారా?"

"తీసుకున్నాను."

ఆయన లేచారు. గేదె కబుర్లు మూడు గంటల వరకు సాగాయి.

విమానం ఐదు గంటలకే బయలుదేరింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఆంజి జూన్ నెలలో ఇబ్రా వెళ్లి స్టోరులో కూర్చుండే పనిలో కుదిరాడు. సత్యరాజు గారు కాకినాడలో తమ్ముని ఇంట ఉన్నారు. మోకాళ్ల నొప్పులు తప్ప కులాసా. నేను మంగళ, గురువారాలు వార్డుకు వెళుతున్నాను. ఆంజి కాగితాలలో బంధుత్వమనే గడిలో సెలిన్ అనే నర్సు నన్ను పెదనాన్నగా వ్రాసింది. ఆ తరువాత మరి ముగ్గురికి నేను పెదనాన్ననయ్యాను. వారిలో ఒకడు నేపాలీ.