వెనక సీటు బరువు

లాక్‌డౌన్లు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండలు ముదరక ముందు, కరీంనగర్‌లోని ఒక మోటార్‌సైకిల్ షోరూములో నేను వర్క్స్ మేనేజరుగా చేరాను. అదే నా ఆఖరి ఉద్యోగం. అంతకు ముందు చొప్పదండిలో మెకానిక్‌గా, మెట్‌పల్లిలో హెడ్ మెకానిక్‌గా, తర్వాత కరీంనగర్‌లోనే సూపర్‌వైజరుగా చేసి ఆ కుర్చీ దాకా వచ్చాను. వర్క్స్ మేనేజరు పానా పట్టడు. బండి లోపలికి వచ్చినప్పుడు జాబ్ కార్డు తెరవాలి, పని ఎవరికివ్వాలో చెప్పాలి, బండి బయటికి పోయేటప్పుడు చూసి సంతకం పెట్టాలి. జాబ్ కార్డంటే ఆసుపత్రిలో కేస్‌షీటు లాంటిది. రేపు ఏ పేచీ వచ్చినా అందులో ఏముందో అదే మాట.

ఆ రోజుల్లో దూర ప్రయాణాల బళ్ళ మోజు ఒక్కసారిగా పెరిగింది. ఇళ్ళల్లో మగ్గిపోయిన జనం బరువైన బళ్ళు కొని, రెండు పక్కలా పెట్టెలు తగిలించుకుని బయల్దేరారు. కంపెనీ బిగించి పంపే వెనక షాకబ్జర్లు మామూలు బరువుకు సరిపోతాయి. ఇద్దరు మనుషులు, నిండు పెట్టెలు, గుంతల రోడ్డు అంటే చాలవు. అందుకని మంచి రకం కొని వేయించుకునేవారు. షాకబ్జర్‌లో బరువు మోసేది బయట కనిపించే స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఉంచేది లోపలి నూనె. వచ్చినవాళ్ళలో చాలామంది రంగు చూసేవారు, పేరు చూసేవారు, పక్కన గ్యాసు డబ్బా ఉందా లేదా అని చూసేవారు. అసలు చూడాల్సింది స్ప్రింగును. మెత్తనివి, మధ్యరకం, గట్టివి అని మా దగ్గర మూడు రకాలుండేవి. నడిపేవారి బరువు, వెనక కూర్చునేవారి బరువు, సామాను బరువు కలిపితే ఏది వేయాలో తేలుతుంది. జాబ్ కార్డులో ఈ బరువులకు వరుసగా మూడు గడులున్నాయి.

ఈ పనిలో నాకు కాస్త పేరుండేది. మనిషి గేటు లోపలికి నడిచి వస్తుంటేనే బరువు చెప్పేవాడిని, రెండు కిలోలు అటూ ఇటూ. మెకానిక్‌లు పందేలు కాసేవారు. నేనూ మురిసిపోయేవాడిని. ఆ మురిపెం సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ‘నాకు తెలియదు’ అనడానికి నాకు హక్కు లేదు.

దేవదానం గారు మంచిర్యాలలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. భార్య రూతమ్మ గారు ఏఎన్‌ఎంగా, అంటే ఊరూరా తిరిగే నర్సుగా, ఉట్నూరు వైపు ముప్పై ఏళ్ళు చేసి ఇంటికొచ్చారు. తాను పనిచేసిన ఊళ్ళన్నీ మళ్ళీ ఒకసారి చూడాలని ఆమె కోరిక. కారులో వద్దు, బండి మీదే పోదాం అన్నారట. ఆయన అందుకోసమే పెద్ద బండి కొన్నారు. షాకబ్జర్లు మార్పించడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయన నా బల్ల ముందు కూర్చున్నారు. ఆమె కొంచెం ఎడంగా, కూలర్ పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. మా దగ్గర పద్ధతే అంత. బండి మాటలు మగవాళ్ళతోనే నడుస్తాయి, వెంట వచ్చిన ఆడవాళ్ళకు కుర్చీ, టీ.

ఆయన బరువు అడిగాను, డెబ్బై రెండు అన్నారు, రాశాను. సామాను పదిహేను. మధ్య గడి ఖాళీగా ఉంది. తల తిప్పి చూస్తే ఆమె ఎనభైకి తక్కువ ఉండరని అర్థమైంది. అడగడానికి నోరు రాలేదు. పెద్దావిడ, మర్యాదస్తురాలు. అడగకుండా ఎనభై అని రాస్తే ఆ కార్డు మీద ఆయన సంతకం పెట్టాలి, ఆమె కంటపడితే ఏమనుకుంటారు? గడి అట్లాగే వదిలేసి బండిని యూసుఫ్‌కు అప్పగించాను.

యూసుఫ్ మా హెడ్ మెకానిక్, నాకన్నా నాలుగేళ్ళు చిన్న, బక్కపలచని మనిషి. మధ్యరకం స్ప్రింగు వేశాక సాగ్ చూడాలి. సాగ్ అంటే మనుషులు ఎక్కినప్పుడు బండి వెనక భాగం ఎంత కిందికి దిగుతుందో టేపుతో కొలవడం. దిగగలిగిన దూరంలో మూడో వంతు దిగితే స్ప్రింగు సరిపోయినట్టు. సగం దాకా పోతే స్ప్రింగు మరీ మెత్తనిదైనట్టు. దేవదానం గారు ఎక్కి కూర్చున్నారు. యూసుఫ్ టేపు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

“సార్, మేడంను గూడ జర కూసోమనుండ్రి. ఒక్క నిమిషం పని.”

“ఆడమనిషిని గింతమందిల బండెక్కుమనుడేంది? బరువెంతని అడుగుడేంది? నువ్వే కూసో.”

యూసుఫ్ వెనక ఎక్కి కూర్చున్నాడు. టేపు నేనే పట్టాను. కొలత సరిగ్గా మూడో వంతు. యూసుఫ్ బరువు యాభై ఐదు. మధ్య గడిలో అదే రాశాను. మనసులో ఏదో గుచ్చుకుంటే స్ప్రింగు కింది రింగు రెండు గాట్లు ఎక్కువ బిగించమన్నాను. రింగు బిగిస్తే బండి ఎత్తు పెరుగుతుంది గానీ మెత్తని స్ప్రింగు గట్టిది కాదు. మెట్‌పల్లిలో ఆ ముక్క పదిమందికి నేర్పినవాడిని నేను. కార్డు ముందు పెడితే దేవదానం గారు చదవలేదు. “మీరు రాసిండ్రు కద సార్, ఇగ నేను చూసేదేంది” అని సంతకం పెట్టారు.

పది రోజులకు ఆయన ఒక్కరే బండి తీసుకుని వచ్చారు. జన్నారం దాటాక అడవి రోడ్డులో ఒక స్పీడ్ బ్రేకరు కనిపించలేదట. వెనక షాకబ్జర్లు పూర్తిగా కిందికి కుదించుకుపోయి ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడయిందట. అట్లాంటప్పుడు దెబ్బ తగిలేది నడిపేవారికి కాదు, చక్రానికి సరిగ్గా పైన కూర్చున్న వెనక మనిషికి. రూతమ్మ గారి నడుము దగ్గర వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయింది. మంచం మీద ఉన్నారు. ఆ రోజు వాళ్ళు ఉట్నూరు చేరనే లేదు.

మా యజమాని నన్ను పిలిచి కార్డు తెప్పించాడు. వెనక సీటు గడిలో యాభై ఐదు, కింద దేవదానం గారి సంతకం. యజమాని కార్డును ఆయన వైపు తిప్పాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ అంకె చాలాసేపు చూశారు.

“నేనే చెప్పిన్నేమో సార్. యాదికి లేదు. కొత్త బండి సంబురంల ఏదో ఒకటి అన్నట్టున్న.”

ఆ గదిలో నేనున్నాను. తలుపు దగ్గర యూసుఫ్ ఉన్నాడు. అతను ఒకసారి నా ముఖం చూసి నేలచూపు చూశాడు. నోరు తెరిస్తే ఒక్క మాటతో పోయేది. తెరవలేదు. ఉద్యోగం పోతుందనీ కాదు, ఆ వయసులో పోయినా పెద్ద ఫికర్ లేదు. యాభై ఐదు రాసింది నేనని, కంటితోనే బరువు చెప్పే మనిషినని పేరుపడ్డ నేనని, నా కింద పనిచేసేవాళ్ళ ముందు చెప్పుకోలేకపోయాను. సిగ్గుమాలిన పని. ఆయన వెళ్తూ, ఈ బండి ఇక తనకు వద్దని, ఎవరికైనా అమ్మిపెట్టమని తాళంచెవి నా బల్ల మీద పెట్టారు.

బండికి గుడ్డ కప్పించి షెడ్డు మూలన పెట్టించాను. కొనడానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఏదో సాకు చెప్పి పంపేశాను. నాలుగు నెలలు రోజూ పొద్దున దాని పక్కనుంచే నా కుర్చీ దగ్గరికి నడిచాను. యూసుఫ్ నాతో పని మాటలు తప్ప మాట్లాడటం మానేశాడు.

వానలు వెనకపట్టాక ఒక రోజు దంపతులిద్దరూ వచ్చారు. రూతమ్మ గారు డాక్టరుకు చూపించుకోవడానికి కరీంనగర్ వచ్చి, అటు నుంచి అటే భర్తను వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చారట. నడుముకు బెల్టు ఉంది. ఈసారి ఆమె నా బల్ల ముందే కూర్చున్నారు. బండి అమ్మవద్దని, ముందు జాబ్ కార్డు చూపించమని అడిగారు. చూపించాను.

“గీ యాభై ఐదు ఎవ్వరి బరువు?”

“నేనే చెప్పిన్నని చెప్తున్న కద,” అన్నారు దేవదానం గారు.

“మీకు నా బరువు ఎన్నడన్న తెలుసా? తెల్వనిది మీరెట్ల చెప్తరు?”

ఆ మాట అని ఆమె నా వైపు తిరిగారు. అప్పుడు చెప్పాను.

“యూసుఫ్‌ది మేడం. మిమ్ముల అడగకుండ నేనే రాసిన. సార్ ఏం చెప్పలే.”

రూతమ్మ గారికి కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు. “నేను గాడ్నే కుర్సీల కూసుంటి. నన్ను ఒక్కలు అడగలే. ముప్పై ఏండ్లు ఊర్లల్ల చిన్న పిల్లలను స్ప్రింగు కాంటకు ఏలాడదీసి జోకిన సార్. దిష్టి తాకుతదని తల్లులు వద్దన్న జోకిన. జోకకుండ కంటితోని చూసి ఒక్క అంకె రాయలే. చూసి రాస్తే పిల్ల పానం పోతది.”

దేవదానం గారు నన్నేమీ తిట్టలేదు. తిడితే బాగుండేది. “నాలుగు నెల్ల సంది ఈమె నడుము నేనే ఇరగ్గొట్టిన్ననుకుంటున్న సార్,” అని మాత్రం అని, లేచి బయటికి వెళ్ళి నిలబడ్డారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్ళెవరి మాటలూ ఇప్పుడు గుర్తులేవు. ఆ ఒక్క మాట పోవడం లేదు.

రూతమ్మ గారు లేచి, ఇక్కడ కాంటా ఉందా అని అడిగారు. స్పేర్స్ గదిలో పార్సిళ్ళు తూచే కాంటా ఒకటుంది. యూసుఫ్ దాన్ని తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టాడు. అందరూ చూస్తుండగా ఆమె చెప్పులు విడిచి, బెల్టు విప్పి బల్ల మీద పెట్టి, కాంటా ఎక్కారు.

“ఎనభై ఒకటి. రాయండ్రి.”

రాశాను. గట్టి స్ప్రింగు బిగించాక రూతమ్మ గారు భర్తను లోపలికి పిలిచి బండి మీద ముందు కూర్చోబెట్టారు. ఆమె యూసుఫ్ భుజం పట్టుకుని నెమ్మదిగా వెనక సీటు ఎక్కారు. యూసుఫ్ టేపు పట్టాడు. మూడో వంతు. ఒక్క నిమిషం పని, అతను మొదటి రోజు చెప్పినట్టే.

ఆ చలికాలం వాళ్ళు ఉట్నూరు దాకా పోయి వచ్చారని యూసుఫ్ చెప్పాడు. తర్వాత సర్వీసింగుకు వచ్చినప్పుడల్లా యూసుఫ్‌నే అడిగేవారు. నా బల్ల దాకా రాలేదు, రావాలని నేనూ అనుకోలేదు.

జాబ్ కార్డులో వెనక సీటు బరువు పక్కన, కూర్చునేవారే సంతకం పెట్టేందుకు ఒక గడి చేర్పించాను. నేను దిగిపోయేదాకా ఆ సంతకం లేకుండా స్పేర్స్ గదిలోంచి స్ప్రింగు బయటికి తీయనివ్వలేదు. అడిగితే ఏ ఒక్క ఆడమనిషీ నొచ్చుకోలేదు, అంకె చెప్పి టీ తాగారు. ఇందులో నేర్చుకున్నది ఇంతే. కూర్చోబోయే మనిషినే కూర్చోబెట్టి కొలవాలి. తప్పు రాసినవాడు కార్డు తిప్పిన రోజే నోరు తెరవాలి. మొదటిది నాకు ముందే తెలుసు. రెండోది తెలుసుకోవడానికి నేను తీసుకున్న నాలుగు నెలలూ దేవదానం గారివి.