పాలరాతి కొండ మెట్లు

మొన్న శనివారం అమెరికాలో, శాన్ రామన్‌లోని మా అమ్మాయి ఇంట్లో కాఫీ తాగుతుండగా, దాని స్నేహితురాలొకతె ఫోన్ పట్టుకుని వచ్చి నా పక్కన చేరింది. నేను ఒకప్పుడు ట్రావెల్స్‌లో పనిచేశానని మా అమ్మాయి చెప్పిందట. "ఆంటీ, సమ్మర్‌లో వియత్నాం ట్రిప్ ప్లాన్ చేస్తున్నాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. డానాంగ్‌లో ఆ మార్బుల్ మౌంటెన్స్ ఎక్కగలరంటారా? మీరు చూశారు కదా?" అంది. ఇంచుమించు ఇదే ప్రశ్న, ఇలాంటి మోకాళ్ల కోసమే, ఇరవయ్యేళ్ల కిందట విశాఖపట్నంలో నన్ను ఇంకొకరు అడిగారు.

డాబాగార్డెన్స్‌లో రెండు గదుల ఆఫీసు మాది. నా కుర్చీ వెనక గోడకి వియత్నాం పటం ఉండేది. సన్నగా, పొడుగ్గా, మన కోస్తాలాగే తూర్పంతా సముద్రమే ఉన్న ఆ దేశాన్ని నేను పై నుంచి కింది దాకా స్కేలుతో చూపిస్తూ, హాలాంగ్ నీళ్లలోంచి లేచిన రాతి కొండల్నీ, హైవాన్ కనుమ మీది మబ్బుల్నీ, హోయాన్ వీధుల్లో లాంతర్లనీ, మెకాంగ్ కాలవల్లో పడవల మీదే సాగే పండ్ల బేరాల్నీ కళ్లకు కట్టినట్టు చెప్పేదాన్ని. నిజానికి నేను భీమిలి దాటి సముద్రం చూసినదాన్ని కాదు. బ్రోషర్లన్నీ నాకు కంఠతా వచ్చు, అంతే.

ఒకరోజు రిటైరైన కాలేజీ లెక్చరర్ ఒకావిడ చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చారు. భర్త పోయాక అదే మొదటి ప్రయాణమట. డానాంగ్ పాలరాతి కొండ మీంచి సముద్రం బ్రహ్మాండంగా కనబడుతుందని నేను చెప్పాక, ఆవిడ కంటికి మిగతా దేశమంతా ఆనలేదు. మోకాళ్లు తడుముకుంటూ, మెట్లు ఎక్కువా, మీరు చూశారా అని అడిగారు. బ్రోషర్‌లో మెట్ల సంగతి లేదు. చూశానండీ, నాలుగు మెట్లే అనేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, బహుశా చూడలేదని ఒప్పుకోవడానికి నామోషీ వేసి ఉంటుంది.

వెళ్లొచ్చాక ఆవిడే చెల్లెలితో ఆఫీసుకు వచ్చి, అంతా ఈ అమ్మాయి చెప్పినట్టే ఉందని మా ఓనరు ముందు మెచ్చుకుని, నా చేతిలో వేలెడంత పాలరాతి ఏనుగును పెట్టారు. నేనూ పొంగిపోయాను. ఆవిడ గుమ్మం దాటాక చెల్లెలు వెనకాగి, అక్క ఆ మెట్లు ఎక్కలేకపోయిందనీ, అందరూ దిగొచ్చేదాకా కింద రాళ్లు చెక్కేవాళ్ల కొట్టులో కూర్చుందనీ, ఏనుగు అక్కడ కొన్నదేననీ మెల్లగా చెప్పింది. ఆ కొట్లోంచి సముద్రం కనబడదట. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి వెళ్లి క్షమించమని అడగాలి, ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. ఈలోగా ఆవిడ పోయారు.

అందుకే మొన్న ఆ పిల్ల అడగ్గానే కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాను.

"చూడలేదమ్మా. నేను ఎప్పుడూ వియత్నాం వెళ్లలేదు."

"పర్లేదాంటీ, రివ్యూస్‌లో ఉంటుంది," అంటూ అప్పటికే ఫోన్ మీద వేలు నడిపిస్తోంది. నిమిషంలో, అక్కడిప్పుడు లిఫ్ట్ పెట్టారనీ, అత్తగారికి ప్రాబ్లమ్ లేదనీ నాకే చెప్పి, లేచి వెళ్లిపోయింది.

మంచిదే. ఇకమీదట ఏ పెద్దావిడా నాలాంటిదాని మాట నమ్మి కొండ కింద కూర్చోనక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో, ఒక మనిషి ముఖం చూసి, మీరు చూశారా అని అడిగి, ఆ ఒక్క మాట పట్టుకుని సముద్రాలు దాటి వెళ్లేవారు. నాకు నిజం చెప్పే ధైర్యం వచ్చేసరికి, దాంతో ఎవరికీ పనిలేకుండా పోయింది.