హేవర్‌క్యాంప్ గారి పది నగరాలు

వెండెల్ హేవర్‌క్యాంప్ గారికి ఒకటే పిచ్చి. అమెరికాలో ఏ నగరం ఎన్నో స్థానంలో ఉందో తేల్చకుండా ఆయన ఎవరి తలా వదిలేవారు కారు. తల అని ఊరికే అనడం లేదు, ఆయన వృత్తి క్షవరం. ఇండియానా రాష్ట్రంలో, మా టెర హోట్ ఊళ్ళో, వబాష్ అవెన్యూ మీద ఆయన సెలూన్ ఉండేది. మొదటి కుర్చీ ఆయనది, రెండోది నాది. పంతొమ్మిదేళ్ళు ఆయన పక్కన నిలబడి కత్తెర ఆడించాను. ఆయన గురించి నాకంటే బాగా చెప్పగలిగింది భార్య ఆల్మా గారొక్కరే. ఆవిడ చెప్పరు. "నలభై ఏళ్ళుగా వింటున్నాను. మళ్ళీ నా నోటితో కూడానా?" అంటారు.

మెడకు గుడ్డ కట్టగానే కుర్చీలో ఉన్న తల ఆయనకు దేశపటం అయిపోయేది. వెనక నుంచి చూస్తాం కనక కుడిచెవి న్యూయార్క్, ఎడమచెవి లాస్ ఏంజెలస్. సుడి దగ్గర షికాగో. మెడ మీది చివరి వెంట్రుకలు న్యూ ఆర్లీన్స్. "ఇక్కణ్ణుంచి బయల్దేరిన గోధుమలు ఇలా పోతాయి" అని దువ్వెనతో గీత గీసేవారు. కూర్చున్నవాడు చక్కిలిగింత పుట్టి కదిలితే, "కదలకండి బాబూ, డెన్వర్ తెగుతుంది" అనేవారు. బట్టతలలను మాత్రం నా కుర్చీకి పంపేసేవారు. "అక్కడ ఊళ్ళేం లేవు రస్సూ. నువ్వే చూసుకో."

గొప్పతనానికి ఆయన కొలత ఆయనకుంది. జనాభా కాదు, మేడల ఎత్తు కాదు. "ఆ ఊరు రేపు పొద్దున్న లేకుండా పోయిందనుకో. ఆ సంగతి టెర హోట్‌కి ఎప్పటికి తెలుస్తుంది?" అదీ లెక్క. ఎంత తొందరగా తెలిస్తే అంత గొప్ప ఊరు.

"న్యూయార్క్ పోతే కాఫీ చల్లారేలోపు తెలుస్తుంది. బ్యాంకు తలుపులు తియ్యరు. షికాగో పోతే మధ్యాహ్నానికి. రైళ్ళు రావు, పందుల ధర ఎంతో చెప్పేవాడుండడు. లాస్ ఏంజెలస్ పోతే సాయంత్రం టీవీ పెట్టినప్పుడు."

"మరి వాషింగ్టన్ పోతేనో?" అని పోస్ట్‌మ్యాన్ ఒకసారి అడిగాడు.

వెండెల్ గారు కత్తెర ఆపి చాలాసేపు ఆలోచించారు. "అది చిక్కు ప్రశ్నే. మొదటి రెండు వారాలు, ప్రాణం ఇంత హాయిగా ఉందేమిటబ్బా అనుకుంటాం. మూడో వారంలో పెన్షన్లు రావు. అప్పుడు తెలుస్తుంది. అందుకే దానికి నాలుగో స్థానం ఇచ్చాను."

ఇంతా చేసి ఆయన చూసిన పెద్ద ఊరు షికాగో ఒక్కటే. అదీ ఒక పూట. "వెళ్ళి చూసి రావచ్చు కదండీ" అన్నాను నేను. "జడ్జి అన్నవాడు తగువులో ఉన్నవాళ్ళ ఇళ్ళకు భోజనానికి వెళ్ళకూడదు" అన్నారు.

ఆ మాట ఉత్తినే అన్నది కాదు. జాబితా దగ్గర ఆయన ఎవరికీ లొంగలేదు. మా వీధి చివర పళ్ళ డాక్టర్ థేయర్ గారిది బోస్టన్. బోస్టన్‌కు ఆయన జాబితాలో పదకొండో స్థానం.

"దేశం పుట్టిందే అక్కడయ్యా," అన్నారు డాక్టర్ గారు.

"పుట్టింది. కాదనను. నిన్నటి గొప్పకు నా దగ్గర మార్కుల్లేవు. రేపు పొద్దున్న సంగతే నాకు కావాలి."

డాక్టర్ గారు ఆ క్షణాన లేచి వెళ్ళిపోయి ఏడాదిపాటు క్షవరానికి రాలేదు. జుట్టు చెవులు దాటింది, భుజాల దాకా వచ్చింది. పన్ను చూపించుకోవడానికి వెళ్ళినవాళ్ళు, ఆయన వంగినప్పుడల్లా నోట్లో జుట్టు పడుతోందని గోలపెట్టారు. చివరికి ఒకనాడు గుమ్మంలో నిలబడి, "ఇంకా పదకొండేనా?" అన్నారు.

"పదకొండే. కూర్చోండి."

కూర్చున్నారు. ఏం చేస్తారు, ఊళ్ళో ఆయనకు నచ్చిన సెలూన్ అదొక్కటే.

ఆల్మా గారితో పెళ్ళయిన కొత్తలో, హనీమూన్‌కు సిన్సినాటి వెళ్ళాలా లూయీవిల్ వెళ్ళాలా అన్న ప్రశ్న వచ్చిందట. తూకం వెయ్యడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. సెలవు కూడా మూడు రోజులే.

పంతొమ్మిది వందల ఎనభై రెండు ఫిబ్రవరిలో ఆయన దశ తిరిగింది. మా లైబ్రరీవాళ్ళు వచ్చి, అమెరికాలో అన్నిటికంటే ముఖ్యమైన పది నగరాలు ఏవి, ఎందుకు అన్న విషయం మీద ఆదివారం మధ్యాహ్నం ప్రసంగించమని అడిగారు. పైగా మా వారపత్రిక సంపాదకురాలు కోబర్న్ గారు ఆ పదింటి జాబితాను మొదటి పేజీలో వేస్తానన్నారు. ముప్ఫై ఏళ్ళ శ్రమ అచ్చులో పడబోతోంది. ఆయన కొత్త టై కొన్నారు. మూడు వారాలు నేను ఆ ప్రసంగం రోజుకు రెండుసార్లు విన్నాను. ఏడు హ్యూస్టన్, ఎనిమిది డెట్రాయిట్, తొమ్మిది డాలస్, పది సెయింట్ లూయీ. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

ప్రసంగం ఇంకో పది రోజులుందనగా ఒక కొత్త మనిషి సెలూన్‌కు వచ్చాడు. యాభై దాటిన వయసు, పెద్ద చేతులు. పేరు ఆండ్రూ హోర్న్యాక్ అన్నాడు. చెల్లెలు మా లైబ్రరీలో పనిచేస్తుంది, భార్యతో ఆమె ఇంట్లో దిగాడు.

"ఏ ఊరు మీది?" వెండెల్ గారు గుడ్డ కడుతూనే అడిగారు.

"ఒహైయో వైపు."

"ఒహైయో చాలా పెద్దది. అందులో ఎక్కడ?"

అతను చేతులు గుడ్డ కిందికి లాక్కున్నాడు. "యంగ్స్‌టౌన్."

గోడవార వంతు కోసం కూర్చున్న దాణా కొట్టు మెర్ల్, పేపరు దించకుండానే, "అది ఇంకా ఉందా? ఉక్కు మిల్లులతోపాటు ఊరు కూడా మూసేశారనుకున్నానే," అన్నాడు.

నలుగురూ నవ్వారు. హోర్న్యాక్ కూడా నవ్వాడు. నవ్వక తప్పదు కాబట్టి నవ్విన నవ్వు అది. అద్దంలో నాకు కనిపించింది. వెండెల్ గారికీ కనిపించి ఉంటుంది.

"మిల్లులో ఏం చేసేవారు?" అని అడిగారు ఆయన.

"పైపులు."

ఒక తల మీద ఆయన ఒక్క ఊరి పేరూ ఎత్తకుండా క్షవరం పూర్తిచెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఆదివారం లైబ్రరీ హాలు నిండిపోయింది. డాక్టర్ థేయర్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. కోబర్న్ గారు పెన్సిలు చెక్కుకుని సిద్ధంగా ఉన్నారు. వెనక గోడ దగ్గర హోర్న్యాక్ నిలబడ్డాడు. కుర్చీలు వెయ్యడానికి చెల్లెలు లాక్కొచ్చిందట. వెండెల్ గారు న్యూయార్క్ నుంచి మొదలుపెట్టి ఆరో స్థానంలో శాన్‌ఫ్రాన్సిస్కో దాకా అద్భుతంగా వచ్చారు. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, గొణగాల్సిన చోట గొణిగారు.

"ఏడు," అని ఆగారు. మంచినీళ్ళు తాగారు. "యంగ్స్‌టౌన్, ఒహైయో."

హాలంతా ఘొల్లుమంది. మెర్ల్ అయితే తొడ చరుచుకున్నాడు. నేను మాత్రం కాగితాలు తారుమారయ్యాయేమోనని లేచి నిలబడ్డాను.

"హోర్న్యాక్ గారూ," వెండెల్ గారు వెనక్కి చూసి పిలిచారు. "ఆ మిల్లులో ఎన్నేళ్ళు చేశారు?"

అందరూ వెనక్కి తిరిగారు. "ఇరవై ఆరు," అన్నాడతను చిన్నగా.

"మీ చేతి మీదుగా పోయిన పైపులు ఎక్కడికెళ్ళాయి?"

"చాలా చోట్లకి. టెక్సాస్‌కి ఎక్కువ. చమురు బావులకి."

"అంటే హ్యూస్టన్‌కి."

"ఆ. హ్యూస్టన్‌కి వారానికి రెండు రైళ్ళు వెళ్ళేవి." అతను గోడ వదిలి ముందుకు జరిగాడు. "పిట్స్‌బర్గ్‌కి, డెట్రాయిట్‌కి కూడా. ఒకసారి మంచు తుఫానులో షికాగోవాళ్ళకి గ్యాసు పైపులు కావాల్సొచ్చాయి. మూడు షిఫ్టులు ఆపకుండా పనిచేశాం. మా ఫోర్‌మన్ ఇంటికి పోకుండా అక్కడే మూల కూర్చుని గడ్డం గీసుకున్నాడు."

తరవాత పదిహేను నిమిషాలు అతనే మాట్లాడాడు. పైపుకి పగులుందో లేదో సుత్తితో కొట్టి చెవితో ఎలా తెలుసుకుంటారో చెప్పాడు. ముందు నవ్వినవాళ్ళు చెవులు రిక్కించారు. పైపు గోడ ఎంత మందం ఉండాలని మెర్ల్ రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. వెండెల్ గారు బల్ల దగ్గర నిలబడి తన ప్రసంగం ఎవరిదో అయినట్టు విన్నారు.

అప్పుడు డాక్టర్ థేయర్ లేచారు. "అంతా బాగుంది. ఆ పెద్దమనిషంటే నాకు గౌరవమే. కానీ వెండెల్, ఆ మిల్లులు ఇప్పుడు లేవు. నిన్నటి గొప్పకు మార్కుల్లేవని నాకు చెప్పింది నువ్వే. ఇప్పుడు యంగ్స్‌టౌన్ ఏడు అయితే బోస్టన్ పన్నెండా?"

"పన్నెండే," అన్నారు వెండెల్ గారు విచారంగా. "మీరన్నది నిజమే డాక్టర్ గారూ. నా లెక్కలో తప్పుంది."

"ఉంటే దిద్దు మరి."

"దిద్దను."

కోబర్న్ గారు పెన్సిలు దించారు. "వెండెల్ గారూ, ఇలాగే వేస్తే పదిమందీ నవ్వుతారు. మీ ఇష్టం."

"ఇలాగే వెయ్యండమ్మా. అక్షరం తప్పు పోకుండా చూడండి. చాలామంది యంగ్స్‌టౌన్‌లో ఏదో ఒక అక్షరం తినేస్తారు."

వేశారు. ఆ వారం పత్రికకు ముప్ఫై రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకాయన తన కోళ్ళఫారానికి ఎన్నో స్థానమని అడిగాడు. ఇంకొకాయన, క్షవరం చేసేవాళ్ళు తలలోపలి సంగతుల్లో జోక్యం చేసుకోకూడదని రాశాడు. వెండెల్ గారు అన్నిటికీ మర్యాదగా జవాబు రాశారు.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఒక్క స్థానం ఎవరికోసమూ కదపని మనిషి, అచ్చులో పడే ఒక్క రోజున ఇలా నవ్వులపాలవడమేమిటి? ఒకరోజు ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు, పౌడరు డబ్బా కోసం సొరుగు తీస్తే ఒక నోటుబుక్కు కనిపించింది. పైన పత్రిక వచ్చిన తరవాతి తారీకు. ఏడు, హ్యూస్టన్. పదకొండు, బోస్టన్. వేలు పెట్టుకుని కిందకు దిగుతూ పోతే యాభై ఎనిమిదో గీత మీద యంగ్స్‌టౌన్ తగిలింది.

ఆయన తిరిగొచ్చేసరికి అది నా చేతిలోనే ఉంది.

"ఇదేమిటండీ?"

"అసలు జాబితా."

"మరి పత్రికలో పడ్డది?"

"అది పత్రికలోది." ఆయన పుస్తకం తీసుకుని సొరుగులో పెట్టారు. "హ్యూస్టన్‌కి పోయిందేముంది రస్సూ? వాళ్ళు మన పేపరు చదువుతారా?"

"డాక్టర్ థేయర్ చదువుతారు కదా."

"ఆయనకు కోపం రావడం అలవాటే. జుట్టు పెరిగాక వస్తారు." కత్తెరకు నూనె వేసుకుంటూ, "ఆల్మాకి చెప్పకు," అన్నారు. "నేను మెత్తబడ్డానని తెలిస్తే లూయీవిల్ సంగతి మళ్ళీ ఎత్తుతుంది."

మరుసటి శనివారం హోర్న్యాక్ వచ్చాడు. వబాష్ నది పక్కన నీళ్ళ పంపింగ్ స్టేషన్‌లో పైపుల పని దొరికిందట. ఆ ఆదివారం హాల్లో అతని మాటలు విన్న సూపర్‌వైజరే పిలిచాడు. కుర్చీలో ఒక కొత్త కుర్రాడున్నాడు. ఎవరూ అడక్కుండానే హోర్న్యాక్ అతనివైపు తిరిగి, "మాది యంగ్స్‌టౌన్," అని చెప్పుకున్నాడు. తరవాత చొక్కా జేబులోంచి పత్రికలోంచి కత్తిరించిన ఆ జాబితా తీసి వెండెల్ గారి ముందు పెట్టాడు.

"నేనూ, మా ఆవిడా మూడు రోజులు ఆలోచించామండీ. ఏడు కొంచెం తక్కువిచ్చారు. ఐదుండాలి."

వెండెల్ గారి ముఖం చూడాల్సింది. "ఐదా? ఐదంటే ఫిలడెల్ఫియాని దింపాలి. అది కుదరదు బాబూ. ఎంత చెప్పినా కుదరదు."

"ఎందుకు కుదరదు?" అంటూ హోర్న్యాక్ కోటు విప్పి కొక్కేనికి తగిలించి, స్టూలు ఒకటి మొదటి కుర్చీ పక్కకు లాక్కున్నాడు. "ఫిలడెల్ఫియాకి మేమేం పంపామో ముందు వినండి."