కౌల్ బజార్‌లో కడిగిన తోటాలు

ఇంట్లో పాత ఇత్తడి తోటాలున్నాయి, వాటిని కొలతకి నొక్కి మళ్ళీ వాడాలంటే ఎలాంటి సైజు డై కొనాలి, బళ్ళారి వెళ్తే దొరుకుతుందా అని ఈమధ్య మా బంధువొకాయన నన్నడిగాడు. పొలం కాపలాకి లైసెన్సున్న మనిషే. ఇప్పటి సంగతి నాకు తెలియదని చెప్పాను. కానీ అరవైల మొదట్లో సరిగ్గా ఆ పని మీదే నేను రూపనగుడి దగ్గర మా క్యాంపు నుంచి బళ్ళారి కౌల్ బజార్‌కి వెళ్ళొచ్చాను. ఆడదానికి తోటాల డైతో పనేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ ప్రయాణం గురించి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అడిగాడు కాబట్టి రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. తుంగభద్ర కాలవ కింద భూములు చవకని విని, అక్కడిది అమ్ముకుని ఇక్కడికొచ్చి వరి వేశాం. మాలా వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళనే క్యాంపులనేవారు. నీళ్ళొచ్చాయి, పైరొచ్చింది, పైరు వెంటే అడవిపందులూ వచ్చాయి. అందుకని మా ఆయన లైసెన్సు తీసుకుని ఒక పాత తుపాకీ కొన్నారు. రోజూ చీకటి పడబోయే ముందు గట్టు మీద నిలబడి ఒక తోటా గాల్లోకి పేల్చి ఇంటికొచ్చేవారు. ఆ చప్పుడు వినగానే నేను కంచం పెట్టేదాన్ని. పేలిన తోటాల ఇత్తడి గుల్లలు పారేసేవి కావు. చింతపండు నీళ్ళలో నానబెట్టి ఇంట్లో చెంబులతోపాటు నేనే తోమేదాన్ని, ఆయన మళ్ళీ నింపుకునేవారు. ఆ ఏడు నాట్లయ్యాక ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. కొత్త కాలవ, ఎక్కడ చూసినా నిలవ నీళ్ళు, దోమలు. పైరు మోకాలెత్తు రాకముందే ఆయన పోయారు. లైసెన్సు ఆయన పేరున ఉంది గనక తుపాకీని స్టేషన్లో అప్పగించాం. మామయ్య, అంటే మా ఆయన తండ్రి, తన పేరుకి మార్చమని కన్నడంలో అర్జీ రాయించి పెట్టారు. చూపు మందగించిన మనిషికి ఇవ్వరని ఆఫీసులో చెప్పేశారు. అయినా ఆయన ఆ తుపాకీ వస్తుందనే అనేవారు.

కంకి పాలు పోసుకునే వేళకి పందులు మళ్ళీ దిగాయి. రెండు రాత్రుల్లో ఒక మూల మొత్తం తొక్కేశాయి. ఆ పంటే పోతే ఆ నేల వదిలి వెనక్కి పోవడమే, వెనక్కి పోతే అక్కడ మాకేమీ లేదు. పక్క పొలం హనుమంతప్పది. తాతల నాటి నుంచీ ఆ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, "పెద్దాయనా, తుపాకీ నాది ఉండాది, లైసెన్సు ఉండాది. గుల్లలే లేవు, అంగళ్ళలో కొత్తవి దొరకడంలా. మీ పిల్లోడివి ఇస్తే రెండు పొలాలకీ నేనే కాపలా ఉంటా" అన్నాడు. మా దగ్గర ఒక టిఫిను గిన్నె నిండా గుల్లలున్నాయి. తీరా చూస్తే ఒక్కటీ ఆయన తుపాకీలో పట్టలేదు. ఇత్తడి గుల్ల ఏ తుపాకీలో పేలితే ఆ తుపాకీ కొలతకి ఉబ్బుతుంది. మాది వదులు, హనుమంతప్పది బిగువు. గుల్లని నొక్కి మళ్ళీ మామూలు కొలతకి తెచ్చే డై ఒకటి కొనాలి, అది బళ్ళారిలో దొరుకుతుంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

మామయ్యకి కళ్ళు ఆనవు, గుల్లల మంచిచెడ్డలు తెలిసింది నాకే. అందుకని నన్నూ రమ్మన్నారు. మొగుడు పోయి మూణ్ణెల్లయినా కాకుండా బస్సెక్కడమేమిటని క్యాంపులో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ అనుకున్నాను. పొద్దున్నే రూపనగుడిలో బస్సెక్కాం. టిక్కెట్టు అర్ధరూపాయి లోపే. హనుమంతప్ప తుపాకీని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. కండక్టరు దాన్ని పైన సామానులో వెయ్యమన్నాడు, ఈయన లైసెన్సు కాగితం తీసి చూపించి ఒళ్ళో పెట్టుకుంటానన్నాడు, ఇద్దరూ సగం కన్నడం సగం తెలుగులో దారిపొడుగునా వాదించుకున్నారు. నా ఒళ్ళో టిఫిను గిన్నె ఉంది. బస్సు ఎగిరినప్పుడల్లా లోపల గుల్లలు గలగలమనేవి. పక్కనున్న ఆవిడ అందులో ఏముందని అడిగితే ఏం చెప్పాలో తెలియక అన్నమని చెప్పాను.

బళ్ళారి గుట్ట కనపడగానే ఊరొచ్చిందని తెలుస్తుంది. బస్టాండు పక్కనే చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగుల్ని తడిపి తాలింపు వేస్తారు, మొదటిసారి తినేవాళ్ళకి అదేం టిఫినో అనిపిస్తుంది గానీ అలవాటైతే వదలరు. మామయ్య ముట్టుకోలేదు. అక్కడి నుంచి కౌల్ బజార్‌కి జట్కా దొరుకుతుంది, ఎక్కేముందే బేరం మాట్లాడుకోవాలి. మేం మాట్లాడుకోలేదు. దిగాక రెట్టింపు అడిగాడు, హనుమంతప్ప అతనితో పోట్లాడి సగం తగ్గించాడు. బజారు సందులు ఇరుకు. తోళ్ళ వాసన, అత్తరు వాసన కలిసి వస్తాయి. తుపాకీల షాపు లోపలి సందులో ఉంది, నడుపుతున్నది ఒక పెద్దవయసు సాయిబు.

సైజు డై అనగానే ఆయన ముందు పిస్తోళ్ళవి తీసి పెట్టాడు. వేలెడంత ఉన్నాయి. క్లబ్బులో పోటీలకి వచ్చే ఆఫీసర్లు కొంటారట. కొన్నిటికి లోపల ఏదో గట్టి లోహం తొడుగు ఉంటుందట, వాటికి నూనె రాయక్కర్లేదట, ధర మాత్రం మూడింతలు. మాది పెద్ద తుపాకీ అని చెప్పాక వాటిని లోపల పెట్టేసి వేరేవి రెండు తెచ్చాడు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. "ఇది గుల్ల నోరు ఒక్కటే నొక్కుతాది. ఇదేమో పొట్ట కూడా పడతాది, నొక్కినంక ఏ తుపాకీలో అయినా బరాబర్ పోతాది. ఏది బేకు?" అన్నాడు.

పొడుగుది అని హనుమంతప్ప నోరు తెరిచేలోగానే మామయ్య పొట్టిదాన్ని చేతిలోకి తీసుకున్నారు. "ఇదివ్వండి. మావాడు ఇదే వాడేవాడు. పొట్ట నొక్కితే ఇత్తడి పెళుసెక్కి చీలుతుందనేవాడు" అన్నారు. అది నిజమే. మా ఆయనకి అలాంటిదే ఒకటి ఉండేది, తుపాకీ పెట్టెలో ఉండిపోయి దాంతోపాటే స్టేషన్‌కి పోయింది. సాయిబు తలూపి, మీవాడు పని తెలిసినోడు అన్నాడు. గుల్ల ఎప్పుడూ ఒకే తుపాకీలో వాడితే నోరు నొక్కితే చాలట. ఇంతకీ ఆ తుపాకీ ఏదని అడిగాడు. స్టేషన్లో ఉందని, వస్తుందని మామయ్య చెప్పారు. సాయిబు మా ముఖాలు చూశాడు.

అప్పుడు హనుమంతప్ప చాలా మెల్లిగా, "అది రాదు పెద్దాయనా. మీకూ తెలుసు కదప్పా" అన్నాడు.

మామయ్య ఆ పొట్టి డైని వేళ్ళతో తిప్పారు. పొట్ట నొక్కితే అబ్బాయి తుపాకీ కొలత పోతుంది కదమ్మాయ్ అని నన్నడిగారు. పోతుందని చెప్పాను. "మరి నువ్వే చెప్పు" అన్నారు. గిన్నెలో ఉన్నవి ఉత్త ఇత్తడి గుల్లలే. కానీ మా ఆయన చేతి తుపాకీ ఎంత ఉండేదో చెప్పేవి మా దగ్గర అవి తప్ప ఇంకేమీ మిగల్లేదు. పందులు తొక్కిన మూల గుర్తొచ్చింది. "పొడుగుదే తీసుకుందాం మామయ్యా" అన్నాను. ఆ మాటతో మా ఆయన్ని రెండోసారి సాగనంపినట్టయింది నాకు.

ధర ఇరవై రూపాయల దాకా పడింది. ఇక్కడే నొక్కి చూసుకుని తీసుకుపొమ్మన్నాడు సాయిబు. ఒక గుల్ల లోపలికి చూసి, ఇట్లా డైలో పెట్టకూడదన్నాడు. లోపలా బయటా మసి ఉంది, ఆ గరుకుతో డై గీసుకుపోతుంది. మా ఆయన మంచం పట్టాక వాటిని నేను కడగలేదు. కడగాలని తోచలేదు. సాయిబు ఇంట్లోకి కేకేస్తే వాళ్ళావిడ ఇంత చింతపండు, ఒక సత్తు గిన్నె ఇచ్చింది. షాపు వెనక కొళాయి దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ వేలు పెట్టి తోమాను. నీళ్ళు నల్లగా దిగాయి. అది మా ఆయన ఆఖరిసారి కాల్చిన మందు మసి. ఇంట్లో అయితే ఏ చెట్టు మొదట్లోనో పోసేదాన్ని, అక్కడ మురుక్కాలవలో పారబోశాను. అప్పుడు ఏడ్చాను. కొళాయి తిప్పి ఉంచాను గనక బయటికి వినపడి ఉండదు. సాయిబు గారి భార్య మాత్రం గుమ్మంలోంచి వచ్చి పక్కన కూర్చుంది. కడిగినవాటిని తన కొంగుతో తుడుస్తూ పోయింది.

తర్వాత సాయిబు నూనె రాసి ఒక గుల్లని డైలో పెట్టి మర తిప్పి నొక్కాడు. అది సన్నగా కీచుమంది. బయటికి తీసి హనుమంతప్ప తుపాకీలో పెడితే చక్కగా కూర్చుంది. మామయ్య దాన్ని చేతిలోకి తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు, మళ్ళీ ఇచ్చేశారు. మధ్యాహ్నం ఖానావళిలో జొన్నరొట్టె తిని మూడింటి బస్సుకి బయల్దేరాం.

రెండ్రోజుల తర్వాత సాయంత్రం, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, మా గట్టు మీద తుపాకీ పేలింది. మంచం మీద పడుకున్న మామయ్య లేచి కూర్చుని, "అబ్బాయి వస్తున్నాడు, కంచం పెట్టమ్మా" అన్నారు. కంచం పెట్టాను, వేడన్నం పెట్టి పప్పు వేశాను. కాసేపటికి హనుమంతప్ప ఇంకా వేడిగా ఉన్న గుల్లని పంచెకొంగులో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. కంచాన్ని చూశాడు, మామయ్య ముఖం చూశాడు. కాళ్ళు కడుక్కుని ఆ కంచం ముందు కూర్చుని తిన్నాడు. కోతలయ్యేదాకా ప్రతి సాయంత్రం అలాగే తిన్నాడు. పంట చేతికొచ్చింది. మేం ఆ నేల వదిలిపెట్టలేదు.

ఆ గుల్లలన్నీ తర్వాత హనుమంతప్ప తుపాకీ కొలతకే ఉబ్బాయి, చాలా ఏళ్ళు నడిచాయి, ఒక్కొక్కటీ చీలిపోయాయి. నేనీ నేల మీదే ముసలిదాన్నయ్యాను. ఇప్పటికీ ఇత్తడి చెంబు తోమేటప్పుడు చింతపండు నీళ్ళు నల్లబడితే చెయ్యి ఆగిపోతుంది. డై సంగతి అడిగాడు కాబట్టి చెబుతున్నాను. వాడబోయే తుపాకీ, దాని లైసెన్సు వెంట తీసుకెళ్ళండి. ఇంకొకరి తుపాకీలో పేలిన గుల్లలైతే పొట్ట కూడా పట్టే డైయే కొనండి. అన్నిటికంటే ముందు, గుల్లల్ని ఇంటి దగ్గరే కడిగి తీసుకెళ్ళండి. అక్కడ పరాయివాళ్ళ కొళాయి దగ్గర కడగాల్సి వస్తే చాలా కష్టం.