సారుకు తలనొప్పని ఆగిన మగ్గాలు

మా చిన్నమ్మ నాగరత్నమ్మకు మర్యాద ఎక్కువ. ఎంత ఎక్కువంటే, దానివల్ల ఒక సర్కారు ఆఫీసు ఊరు విడిచి పోయేదాకా వచ్చింది. ఈ సంగతి ఎవరికైనా చెప్తే ఆమెకు కోపం. చెప్పకపోతే నాకు కడుపుబ్బరం.

ధర్మవరంలో ఆమెది మేడ ఇల్లు. కింద మగ్గం, పైన ఖాళీ గదులు. శ్రీరాములు చిన్నాయన మోకాళ్లు అరిగి మగ్గం గుంతలో దిగలేకపోయినప్పటి నుంచి నేతంతా ఆమెదే. కానీ ఆమె నేసిన చీర మీద ఆమె పేరుండేది కాదు. ఇది అసలైన పట్టేనని ముద్ర వేయించాలంటే రాజధానిలోని ఆఫీసుకు పోవాలి. మగ్గం దిగి అంత దూరం ఎవరు పోతారు? సావుకారు అందరి చీరలూ మూటగట్టి తీసుకుపోయి, ముద్ర చీటీలో నేసినవారి పేరుండాల్సిన చోట తన దుకాణం పేరు వేయించుకునేవాడు. పెళ్లిళ్లలో ఎవరి ఒంటి మీదైనా తన చీర కనబడితే చిన్నమ్మ కొంగు తడిమి చూసి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

రాజధానిలోని ఆఫీసులు కొన్నింటిని జిల్లాలకు పంపాలని సర్కారు అనుకున్నప్పుడు, ఆ ముద్ర ఆఫీసు ధర్మవరానికి వచ్చింది. అద్దెకు దిగింది ఎక్కడనుకున్నారు? మా చిన్నమ్మ మేడ మీదే! ఆమె తన చీర తీసుకుని మెట్లెక్కింది. సాయంత్రానికి ముద్ర పడింది, చీటీలో ఆమె పేరు పడింది. పెనుకొండలో ఉన్న నాకు ఫోన్ చేసి, "నా పేరు ఉండాది పాపా, నా పేరే!" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు?

ఆఫీసరు పేరు చంద్రమోహన్. హిందూపురంలో చుట్టాలింట్లో ఉంటూ రోజూ రైల్లో వచ్చిపోయేవాడు. చేరిన రోజు, ప్రయాణం బడలికో ఏమో, మెట్ల మీద నిలబడి నుదురు పట్టుకున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు పాపం. మగ్గం చప్పుడుకే సారుకు తలనొప్పి వచ్చిందని మా చిన్నమ్మ తీర్మానించేసింది. అంతే, ఆఫీసు వేళలో మగ్గం ఆపేసి, తెల్లవారుజామునా సాయంత్రమూ నేయడం మొదలుపెట్టింది. తనొక్కతే ఆపితే సరిపోయేది. "మన వీధికి వచ్చినోళ్లప్పా, వాళ్ల తల పగలగొట్టద్దండి" అని వీధి వీధంతా ఆపించింది. చుట్టం కునుకు తీస్తుంటే గిన్నె కూడా కదలనివ్వరు మావాళ్లు. ఆఫీసు విషయంలోనూ అదే పని చేశారు.

ఏడాది దాటాక, ఆఫీసును ఇక్కడే ఉంచాలా, తిరిగి రాజధానికి తీసుకుపోవాలా అని తేల్చడానికి ఒక పెద్ద మేడం వచ్చారు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. చిన్నమ్మ ముందురోజే ఇల్లిల్లూ తిరిగి, టీవీలు కూడా పెట్టద్దని చెప్పొచ్చింది. వీధంతా పరీక్ష హాలులా ఉంది. మేమిద్దరం కాఫీ తీసుకుని పైకి పోయేసరికి మేడం మాట్లాడుతున్నారు.

"నేతగాళ్ల మధ్య ఉండాలనే కదా ఆఫీసును ఇక్కడికి పంపింది? వీధి మొదట్నుంచీ నడిచొచ్చాను, ఒక్క మగ్గం చప్పుడూ లేదే!"

"నేను వచ్చినప్పటి నుంచీ ఇంతే మేడం," అన్నాడు చంద్రమోహన్. "కింద ఈమె మగ్గం కూడా ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుంది. ముద్రకు వచ్చే చీరలూ తక్కువే."

పగలంతా మగ్గాలు ఆపితే చీరలెట్లా వస్తాయి!

"అయితే వెనక్కి తీసుకుపోవడమే మంచిది," అన్నారు మేడం.

చిన్నమ్మ కాఫీ పళ్లెం నా చేతిలో పెట్టి గబగబా మెట్లు దిగింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. కాదు, గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని ధడేల్ ధడేల్‌మని నేయడం మొదలుపెట్టింది.

ఎదురింటి సుధాకర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమక్కా, మమ్మల్ని ఆపమని చెప్పి నువ్వే నేస్తాండావా?"

"ఆఫీసు పోతాండాదబ్బా! పోయి నెయ్యి! అందరికీ చెప్పు, నెయ్యమని!"

ఒక ఇంట్లో మొదలైంది, పక్కింట్లో అందుకున్నారు, కాసేపటికి వీధంతా దద్దరిల్లింది. నా చేతిలో గ్లాసులు గలగలమన్నాయి. చంద్రమోహన్ ఏదో చెప్పబోయాడు గానీ మేడంకు వినబడలేదు. ఇద్దరూ కిందికి దిగారు.

"ఇన్ని మగ్గాలుంటే ఇన్నాళ్లూ ఎందుకమ్మా ఆపారు?" అని గట్టిగా అడిగారు మేడం.

"సారుకు తలనొప్పని."

"నాకా? నేనెప్పుడన్నాను?" చంద్రమోహన్ బిత్తరపోయాడు.

"మీరు అనలేదు సార్. చుట్టం మాదిరి చూసుకుంటిమి." చిన్నమ్మ చెయ్యి ఆపి కళ్లు తుడుచుకుంది. "చుట్టమైతే ఎప్పుడో ఒకనాడు పోతాడు. మీరు పోగూడదు. మీరు పోతే నా చీర మీద నా పేరు పోతాది. తలనొప్పొస్తే మాత్ర వేసుకోండి సార్, ఆఫీసు మాత్రం ఈడే ఉండాల."

మేడం ఎండలో ఇంటింటికీ పోయి మగ్గాలు చూసి వెళ్లారు. తర్వాత ఆఫీసు ఇక్కడే ఉంటుందని ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు ఊరికి రావడం ఒక కాగితంతో అయిపోయింది గానీ, అది మాదేనని అనుకోవడానికి మాకు ఇంతకాలం పట్టింది.

పోయిన నెల నేను వెళ్లినప్పుడు, చిన్నమ్మా నేనూ మాటల్లో పడి కూర్చున్నాం. ఇంతలో చంద్రమోహన్ సారు చెప్పులైనా వేసుకోకుండా హడావిడిగా మెట్లు దిగొచ్చాడు.

"ఏమ్మా, పొద్దున్నుంచి చప్పుడు లేదు. ఒంట్లో బాగలేదా?"

"బాగుండాను సార్," అంది చిన్నమ్మ. "జరీ అయిపోయింది, అంతే."